మూడు నెలలకో సూది

బుధవారం. పీహెచ్‌సీ వరండా అంతా పిల్లల ఏడుపులు. తట్టు టీకా వేయించుకున్న పాపను భుజాన వేసుకుని జోకొడుతూ ఓ అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. వెళ్లదు. లోపలికీ రాదు. ఏఎన్‌ఎం చూసి పిలిచింది.

‘‘ఏమ్మా, జ్వరం మాత్ర ఇచ్చాను కదా. ఇంకేమైనా కావాలా?’’

‘‘అదీ... సిస్టర్... మూడు నెలలకోసారి సూది వేస్తారట కదా. ఇక్కడుందా?’’ గొంతు బాగా తగ్గించి అడిగింది.

‘‘ఉంది. ఎవరు చెప్పారు?’’

‘‘మా తోడికోడలు. వాళ్ల పుట్టింటి దగ్గర వేయించుకుందట. మా అత్తయ్యేమో అది వేయించుకుంటే ఇక పిల్లలే పుట్టరని అంటోంది. నిజమేనాండీ?’’

ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు. మొదటి కాన్పు. పెద్దాపరేషన్‌ చేసి బిడ్డను తీశారు. ‘కనీసం రెండేళ్లు ఆగాకే ఇంకో బిడ్డ సంగతి’ అని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పాపకు తొమ్మిది నెలలు నిండాయి. తనకింకా నెల రాలేదు. పాలిస్తున్నాను కాబట్టి ఫర్వాలేదులే అనుకుంది ఇన్నాళ్లూ. మాత్రలు తెచ్చుకుంటే రోజూ వేసుకోవడం గుర్తుండదు. కాపర్‌-టి అంటే భయం. నిరోధ్‌ సంగతి ఎత్తితే ఆయన వినడు. మిగిలింది సూది.

ఏఎన్‌ఎం వెనక వరసలో ఇంకా పదిహేనుమంది పిల్లలున్నారు. ఉన్నది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఆమె ఏం చెబుతుంది?

ఏ ఊరి పీహెచ్‌సీలోనైనా, ఏదో ఒక బుధవారం కనిపించే దృశ్యమే ఇది. ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం రెండు నిమిషాల్లో అయ్యేది కాదు.

మధ్యలో ఏమీ లేదు!

మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఒకటే... ఆపరేషన్‌. పెళ్లి, వెంటనే ఒక కాన్పు, ఏడాది తిరక్కుండా ఇంకోటి, ఆ పైన ఆపరేషన్‌. పాతికేళ్లు నిండేలోపే అన్నీ అయిపోతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది, తెలంగాణలో 62 మంది ఆపరేషన్‌ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద ఆ లెక్క 38. మగవాళ్ల ఆపరేషన్‌ సంగతంటారా, దేశంలో నూటికి ఒకరు కూడా లేరు. వెయ్యికి ముగ్గురు! కత్తి కోతలేని తేలికైన ఆపరేషన్‌ వాళ్లకే ఉందన్న మాట ఎవరూ గుర్తుచేయరు.

అంటే పిల్లలు వద్దనుకున్న వాళ్లకు దారి ఉంది. ‘ఇప్పుడు వద్దు, తర్వాత కావాలి’ అనుకునే ఇరవై రెండేళ్ల అమ్మాయికే దారి ఇరుకు. పైగా తెలంగాణలో అదే సర్వే నాటికి నూటికి 60 కాన్పులు సిజేరియన్లు. కుట్లు పడిన గర్భసంచికి ఎడం మరీ అవసరం. మామూలు కాన్పు అయినా సరే, బిడ్డ పుట్టాక రెండేళ్లు ఆగాకే మళ్లీ గర్భం కోసం ప్రయత్నించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆ ఎడం కోసమే 2017లో కేంద్ర ప్రభుత్వం ఈ సూదిమందును సర్కారీ ఆసుపత్రుల్లోకి తెచ్చింది. పెట్టిన పేరు ‘అంతర’. మన ‘అంతరం’లోని మాటే. ముందు సంతానోత్పత్తి రేటు ఎక్కువగా ఉన్న ఉత్తరాది జిల్లాల మీద దృష్టి పెట్టారు. తర్వాత మిగతా రాష్ట్రాలకూ వచ్చింది. ఉచితం. అయినా ఆ సర్వే జరిగిన నాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీన్ని వాడేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు.

సూదిలో ఏముంది?

మందు పేరు పలకడానికే కష్టం. డిపో మెడ్రాక్సీ ప్రొజెస్టెరాన్‌ అసిటేట్‌. డాక్టర్లు పొట్టిగా డీఎంపీఏ అంటారు. ప్రైవేటుగా ‘డెపో-ప్రొవెరా’ పేరుతో చాలామందికి తెలుసు. ఆడవాళ్ల ఒంట్లో సహజంగా ఊరే ప్రొజెస్టెరాన్‌ హార్మోను లాంటిదే ఇది కూడా. 150 మిల్లీగ్రాముల మందు ఒక మిల్లీలీటరు ద్రవంలో కలిపి ఉంటుంది. దండకో, తుంటికో వేస్తారు. సన్నని రేణువుల రూపంలో కండలో చేరి, కొద్దికొద్దిగా కరుగుతూ మూడు నెలల పాటు రక్తంలోకి వెళ్తుంది. ‘డిపో’ అంటే అదే, నిల్వ ఉంచే చోటు. బస్సు డిపో లాగా అన్నమాట. అందుకే సూది వేసిన చోట రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. రుద్దితే నిల్వ తొందరగా ఖాళీ అవుతుంది. సూది అయ్యాక దూదితో రుద్దడం మన దగ్గర చేతికి అలవాటైన పని. ఈ ఒక్క సూదికి ఆ అలవాటు పనికిరాదు.

మందు ముందుగా చేసే పని అండం విడుదల కాకుండా ఆపడం. దాంతోపాటు గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కగా మారుస్తుంది, వీర్యకణాలు దాటి రాలేవు. తేదీ తప్పకుండా వేయించుకుంటే ఏడాదిలో వెయ్యిమందిలో ఇద్దరికి మాత్రమే గర్భం వస్తుంది. కానీ మనుషులన్నాక తేదీలు తప్పుతాయి. పొలం పని, పుట్టింటి ప్రయాణం, పిల్లకు జ్వరం... ఆ తప్పులన్నీ కలుపుకొంటే నూటికి నలుగురు.

తేదీ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. రెండు వారాలు ముందైనా వేయించుకోవచ్చు, నాలుగు వారాలు ఆలస్యమైనా వేస్తారు. అది దాటితే గర్భం లేదని తేల్చుకున్నాకే.

తోలు కిందే వేసే కొత్త రకం కూడా వచ్చింది. మందు తక్కువ, 104 మిల్లీగ్రాములు. సూది పొట్టిది. కొన్ని దేశాల్లో ఆడవాళ్లు ఇంట్లో తమకు తామే వేసుకుంటున్నారు.

మొదటి సూది ఎప్పుడు? నెలసరి మొదలైన ఏడు రోజుల్లోపు అయితే వెంటనే రక్షణ. వేరే రోజుల్లో అయితే గర్భం లేదని రూఢి చేసుకుని వేస్తారు, ఆ తర్వాత ఏడు రోజులు నిరోధ్‌ వాడాలి. పాలిచ్చే తల్లికి కాన్పయిన ఆరు వారాల తర్వాత. పాలు తగ్గవు. ఇక ఆ తొమ్మిది నెలల పాప తల్లి అనుకున్న సంగతి, పాలిస్తుంటే గర్భం రాదన్నది, మూడు షరతుల మీద ఆధారపడ్డ నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. తల్లికి నెల రాకూడదు. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా ఆ భరోసా లేనట్టే. ఆ అమ్మాయికి రెండు తప్పి మూడు నెలలైంది. అందుకే ఆమెకు సూది కన్నా ముందు కావలసింది గర్భ పరీక్ష.

రక్తం ఎటు పోతుంది?

ఈ సూది మానేసే వాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం ఒక్కటే, నెలసరి. మొదటి మూడు నెలల్లో అది గాడి తప్పుతుంది. ఎప్పుడు వస్తుందో తెలియదు. రెండు రోజులు మరకలా కనబడి ఆగుతుంది. మళ్లీ వారానికి మొదలవుతుంది. ఒక్కోసారి పదిహేను రోజులు సాగుతుంది. డాక్టర్ల భాషలో ఇది ‘ప్రమాదం లేని మార్పు’. నిజమే, ప్రాణానికి ప్రమాదం లేదు. కానీ ఇంట్లో ఆమె పరిస్థితి ఏమిటి? మరక కనబడితే పూజగదిలోకి వెళ్లకూడదు. కొన్ని ఇళ్లలో వంటింట్లోకీ వెళ్లకూడదు. నెలకు మూడు రోజులంటే ఏదో సర్దుకుంటారు. పదిహేను రోజులు మూలన కూర్చుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? అయ్యప్ప మాల వేసుకున్న మనిషి ఇంట్లో ఉంటే ఇక చెప్పేదేముంది! సూది సంగతి అత్తగారికి చెప్పకుండా వేయించుకున్న కోడలి గుట్టు సరిగ్గా ఇక్కడే బయటపడుతుంది. చేతిలో డబ్బా ఉండదు, దిండు కింద మాత్రలుండవు, ఎవరికీ తెలియదు అనుకున్న పద్ధతి... నాలుగో వారానికే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. ఆసుపత్రి కరపత్రాల్లో ఈ ముక్క ఎక్కడా ఉండదు.

రెండు మూడు సూదులయ్యాక కథ మారుతుంది. నెలసరి తగ్గుతూ వచ్చి, ఏడాది తిరిగేసరికి దాదాపు సగంమందికి పూర్తిగా ఆగిపోతుంది. అక్కడ రెండో భయం. ‘చెడు రక్తం లోపలే ఉండిపోతోంది, పొట్టలో గడ్డ కడుతుంది, కళ్లు పోతాయి’ అని ఇరుగుపొరుగు చెబుతారు.

అసలు జరిగేది వేరు. ప్రతి నెలా గర్భసంచి లోపల ఒక మెత్తటి పొర పెరుగుతుంది. బిడ్డ వస్తే పరుపులా ఉండటానికి. బిడ్డ రాకపోతే ఆ పొరే రాలి రక్తంతో పాటు బయటికొస్తుంది. సూది మందు వల్ల అసలు ఆ పొరే పెరగదు. పరుపే పరవనప్పుడు తీసేందుకేముంటుంది? ఆగిపోయిన రక్తం ఎక్కడికీ పోలేదు. ఒంట్లో తిరిగే రక్తంలోనే ఉంది. సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్న మన రాష్ట్రాల్లో ఇది ఒక రకంగా లాభమే. మన్యంలో, ఆదిలాబాద్‌ ప్రాంతంలో కనిపించే సికిల్‌సెల్‌ జబ్బున్న వాళ్లకు ఈ సూది వల్ల నొప్పుల బాధ తగ్గుతుందని కూడా గమనించారు.

అలాగని ఎంత రక్తం పోయినా ‘సూది వల్లేలే’ అని ఊరుకోకూడదు. మామూలు కంటే రెట్టింపు పోతున్నా, ఎనిమిది రోజులు దాటినా ఆసుపత్రికి వెళ్లాలి. దానికి మందులున్నాయి.

అత్తగారి మాటలో నిజమెంత?

ఇక పిల్లలే పుట్టరు అన్నది అబద్ధం. ఆలస్యంగా పుడతారు అన్నది నిజం. అత్తగారు పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు.

మాత్రలు మానేస్తే మరుసటి నెలలోనే గర్భం రావచ్చు. కాపర్‌-టి తీసేసినా అంతే. సూది అలా కాదు. చివరి సూది వేయించుకున్న నాటి నుంచి గర్భం రావడానికి సగటున పది నెలలు పడుతుంది. సూది మానేశాక గర్భం దాల్చిన వారిని లెక్కేస్తే, చివరి సూది తర్వాత ఏడాదిలోపు 68 శాతం, పదిహేను నెలలకు 83 శాతం, ఏడాదిన్నరకు 93 శాతం మంది నెల తప్పారు. ఎన్నేళ్లు వాడారన్న దానితో ఈ ఆలస్యానికి సంబంధం లేదు. నాలుగు సూదులైనా, పది సూదులైనా దాదాపు ఇంతే.

ఈ లెక్క ముందే తెలిస్తే అది లోపం కాదు. తెలియకపోతే మాత్రం కాపురంలో నిప్పే. సూది మానేసి ఆరు నెలలైనా నెల తప్పని కోడలిని ‘ఆ మందుతో గొడ్రాలివి అయిపోయావు’ అని ఎవరైనా అంటే... ఆమె దగ్గర ఏ సమాధానం ఉంటుంది?

ఇందాకటి అమ్మాయి సంగతే చూద్దాం. పాపకు మూడేళ్లు వచ్చేసరికి ఇంకో బిడ్డ ఒళ్లో ఉండాలని ఆమె కోరిక అనుకుందాం. అంటే పాపకు రెండేళ్ల మూడు నెలలప్పుడు గర్భం రావాలి. ఇప్పటి నుంచి ఏడాదిన్నర. అందులో పది నెలలు తీసేస్తే చివరి సూది ఇంకో ఎనిమిది నెలల్లో పడాలి. ఇవాళ ఒకటి, మూడు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. మూడు సూదులతో ఆపేయాలి. అయితే పది నెలలన్నది సగటు మాత్రమే. కొందరికి చివరి సూది తర్వాత నాలుగైదు నెలలకే వచ్చేస్తుంది. కుట్ల కోసం రెండేళ్లు ఆగి తీరాలంటే, సూది గడువు ముగిసిన రోజు నుంచి ఆ ఎడం నిండేదాకా నిరోధ్‌ వాడక తప్పదు. వచ్చే ఏడాదే ఇంకో బిడ్డ కావాలనుకునే వాళ్లకైతే ఈ సూది తగదు. వాళ్లకు కాపర్‌-టి, మాత్రలు, వారానికొకటి వేసుకునే హార్మోను లేని ‘ఛాయ’ మాత్ర నయం.

ఇంకో సంగతి. మాత్ర పడకపోతే రేపటి నుంచి మానేయొచ్చు. కాపర్‌-టి పడకపోతే వెళ్లి తీయించుకోవచ్చు. ఒంట్లోకి వెళ్లిన సూదిని వెనక్కి తీయలేం. తలనొప్పి వచ్చినా, చిరాకు వచ్చినా, ఏడాదికి కిలో రెండు కిలోల బరువు పెరిగినా... ఆ మూడు నెలలూ భరించాల్సిందే. అందుకే ఈ ఒక్క పద్ధతిలో, ముందు చెప్పే మాటలకు మందుతో సమానమైన విలువ ఉంది.

పటాన్‌చెరులో ఏం జరిగింది?

ముందే అన్నీ చెప్పాలి అన్న ఈ మాట ఊరికే పుట్టలేదు. దాని వెనక ఓ పోరాటం ఉంది. అది మొదలైంది మన హైదరాబాద్‌ పక్కనే!

1985. పటాన్‌చెరు అప్పట్లో మెదక్‌ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సంగారెడ్డి. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూదిమందు శిబిరం పెట్టారు. ఈ మందు కాదు, దీని చెల్లెలు లాంటిది. పేరు నెట్‌-ఎన్‌. రెండు నెలలకోసారి వేసేది. భారత వైద్య పరిశోధన మండలి అప్పట్లో దీన్ని మన ఆడవాళ్లలో పరీక్షిస్తోంది. శిబిరానికి వచ్చిన పేదింటి ఆడవాళ్లకు తెలిసింది ఒకటే, ఇది పిల్లలు పుట్టకుండా వేసే సూది అని. అది ప్రయోగమన్న సంగతి వాళ్లకు తెలియదు. నెలసరి గాడి తప్పుతుందని ఎవరూ చెప్పలేదు.

హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లారు. వరసలో ఉన్న ఆడవాళ్లతో మాట్లాడారు. సంగతి తెలిశాక చాలామంది సూది వద్దని తిరిగి వెళ్లిపోయారు. చదువు లేని వాళ్లకు చెప్పినా అర్థం కాదు అనే వాదనకు అంతకంటే జవాబు ఉండదు.

సంఘటన అక్కడితో ఊరుకోలేదు. ఢిల్లీలోని ‘సహేలీ’ వంటి సంఘాలతో, కొందరు వైద్యులు, పాత్రికేయులతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేసు పద్నాలుగేళ్లు నడిచింది. 2000లో ముగిసేసరికి ప్రభుత్వమే ఒప్పుకొంది, కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో దీన్ని మూకుమ్మడిగా వాడటం మంచిది కాదని, వివరించి చెప్పేందుకూ తర్వాత కనిపెట్టుకుని ఉండేందుకూ వసతి ఉన్నచోటే వాడాలని. ఈ మధ్యలోనే స్త్రీ శక్తి సంఘటన ఆడవాళ్ల ఆరోగ్యం మీద ‘సవాలక్ష సందేహాలు’ అనే పుస్తకం తెచ్చింది. అప్పట్లో ఎన్నో తెలుగిళ్లలో చేతులు మారిన పుస్తకం అది.

డీఎంపీఏ కథా అంత సాఫీగా సాగలేదు. కుక్కల్లో చేసిన పరీక్షల్లో రొమ్ము గడ్డలు కనిపించడం వంటి కారణాలతో అమెరికా ప్రభుత్వం 1978లో దీన్ని కాదంది. 1992లో సరేనంది. మరుసటి ఏడాదే, 1993లో, మన దేశంలో ప్రైవేటుగా అమ్మడానికి అనుమతి వచ్చింది. మహిళా సంఘాలు మళ్లీ కోర్టుకెక్కాయి. సర్కారీ కార్యక్రమంలో పెట్టకూడదని 1995లో నిపుణుల మండలి తేల్చింది. అంటే ఇరవై ఏళ్ల పాటు డబ్బున్న వాళ్లకు ప్రైవేటు క్లినిక్‌లో దొరికేది, లేనివాళ్లకు దొరికేది కాదు. 2015లో అదే మండలి సరేనంది. అప్పుడూ వాదన జరిగింది. ఆడవాళ్ల చేతికి ఇంకో సాధనం అందిందని కొందరు సంతోషించారు. రక్తపోటు చూసే తీరికే లేని చోట ఈ సూది వేస్తే ఎలా అని కొందరు అడిగారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. బుధవారం నాటి ఆ పదిహేను మంది పిల్లల వరసను చూస్తే రెండో మాట ఇంకా పాతబడలేదనే అనిపిస్తుంది.

ఎవరికి వద్దు?

మొదటి సూదికి ముందు డాక్టరు చూసి తీరాలి. రొమ్ము క్యాన్సర్‌ ఉన్నవాళ్లకు, వచ్చి తగ్గినవాళ్లకు వద్దు. బీపీ 160/100 దాటితే వద్దు. పక్షవాతం, గుండెజబ్బు వచ్చినవాళ్లకు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకు, చాలా ఏళ్లుగా షుగరుతో రక్తనాళాలు పాడైన వాళ్లకు వద్దు. కారణం తెలియకుండా రక్తస్రావం అవుతుంటే ముందు ఆ కారణం తేల్చాలి.

వాడినన్నాళ్లూ ఎముకల్లో సాంద్రత కొద్దిగా తగ్గుతుంది. మానేశాక చాలావరకు తిరిగి వస్తుంది. అమెరికాలో 2004 నుంచి ఈ హెచ్చరికను మందు పెట్టె మీదే ప్రముఖంగా అచ్చువేస్తున్నారు. వేరే దారి ఉంటే రెండేళ్లకు మించి వద్దని అక్కడి సలహా. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 18 నుంచి 45 ఏళ్ల మధ్య వాళ్లకు గడువేమీ పెట్టలేదు. ఏదేమైనా రెండేళ్లకోసారి డాక్టరుతో మాట్లాడుకోవడం, రాగులు, పాలు తీసుకోవడం మంచిది.

ఇటీవలి సంగతి ఒకటుంది. 2024లో ఫ్రాన్స్‌ పరిశోధకులు ఏడాదికి మించి ఈ సూది వాడినవాళ్లలో మెనింజియోమా అనే మెదడు పొరల గడ్డ ముప్పు ఐదు రెట్లకు పైగా ఉందని ప్రకటించారు. వింటే గుండె ఝల్లుమంటుంది కానీ, అసలు ఆ గడ్డే చాలా అరుదు. ఎక్కువ భాగం క్యాన్సర్‌ కూడా కాదు. అరుదైనది ఐదు రెట్లయినా అరుదే. అలాగని దాచేదీ కాదు. సూది వాడేవాళ్లకు చూపు మసకబారడం, విడవని తలనొప్పి ఉంటే డాక్టరుకు చెప్పాలి.

హెచ్‌ఐవీ, సుఖరోగాల నుంచి ఈ సూది కాపాడదు. సూది వల్లే హెచ్‌ఐవీ ముప్పు పెరుగుతుందేమోనన్న అనుమానం చాలాకాలం ఉండేది. నాలుగు ఆఫ్రికా దేశాల్లో 7,829 మందిపై చేసిన అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. మిగతా పద్ధతులతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది.

శనివారం...

బుధవారం నాడు ఏఎన్‌ఎం ఆ అమ్మాయికి సూది వేయలేదు. ‘‘ఉందమ్మా, వేస్తాం. కానీ ఇలా నిలబడి మాట్లాడుకునేది కాదు. శనివారం మధ్యాహ్నం రా, డాక్టరు గారూ ఉంటారు. బీపీ చూడాలి, మూత్ర పరీక్ష చేయాలి. అందాకా ఇవి ఉంచు’’ అని నిరోధ్‌ ప్యాకెట్లు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. ‘‘ఆయన వినడండీ’’ అంటే, ‘‘మూడు రోజులే కదా, వింటాడులే. కుట్ల సంగతి చెప్పు’’ అంది.

శనివారం రెండున్నరకు వచ్చింది ఆ అమ్మాయి. ఒక్కతే కాదు, పక్కన అత్తగారు. ఆమె మొహం చూస్తే దెబ్బలాటకే వచ్చినట్టుంది. కోడలు తల దించుకుని ఉంది.

‘‘ఏమ్మా నర్సమ్మా, ఆ సూది వేయించుకుంటే ముట్టు ఆగిపోతుందటగా. మరి ఒంట్లో నెత్తురంతా ఎటు పోతుంది, చెప్పు?’’

ఏఎన్‌ఎం రిజిస్టరు మూసేసి, ఇంకో కుర్చీ లాగింది.

‘‘కూర్చోండి పెద్దమ్మా, చెబుతాను.’’